సొంత డబ్బుకి వడ్డీ ఏంటండీ?

పేపర్లో అంబాజీపేట మార్కెట్ ధరలు వేసేచోట ఒక ప్రత్యేకమైన భాష నడుస్తుంది. గండేరా వెయ్యి, గటగటా వెయ్యి, కురిడీ పాతవి, కొత్తవి, నీటికాయ, ముక్కుడుకాయ. గోదావరి వంతెన దాటితే ఈ మాటలు చెల్లవు. ముప్పై ఏళ్లపాటు అమలాపురంలో కామర్సు చెప్పి రిటైరైన మా మేష్టారు, బీకాం మొదటి సంవత్సరం పిల్లలచేత మొదటిరోజున పుస్తకం మూయించి ఈ పట్టిక చదివించేవారు. ఆయన స్నేహితుడు షావుకారు గారికి అంబాజీపేటలో కొబ్బరి కొట్టు. ఆయన మాత్రం పట్టిక వైపు కన్నెత్తి చూడరు. "మేం చెబితేనే కదండీ వాళ్లు వేసేది" అంటారు.

ఇద్దరికీ మొన్న తగువొచ్చింది. షావుకారు గారి మనవరాలు ఇంటర్ ఎంఈసీ పాసైంది. బీకాం చదువుతూ సీఏ రాస్తానంటుంది. తాతగారు ససేమిరా అన్నారు. నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు గానీ నోరు తెరిచే సందు ఇవ్వలేదు. విన్నది రాస్తున్నాను. నా మొగ్గు ఎటో మధ్యలో బయటపడితే క్షమించాలి.

షావుకారు: దాని బుర్ర పాడుచేసింది మీరే మేష్టారూ. బీటెక్కులో వేస్తే హైదరాబాదు పోతుంది. లేదంటే డిగ్రీ ఏదో ఒకటి కానిచ్చి బ్యాంకు పరీక్ష రాసుకుంటుంది. దానికి ఏ డిగ్రీ అయినా చాలంట కదండీ. డెబిట్టూ క్రెడిట్టూ నేర్చుకోడానికి ఏళ్లకేళ్లు కాలేజీకెళ్లాలా? మా గుమాస్తా ఏడో తరగతి. నలభై ఏళ్లుగా నా చిట్టా ఆవర్జా పైసా తేడా లేకుండా రాస్తున్నాడు.

మేష్టారు: రాస్తున్నాడు. ఏనాడైనా చదివాడా?

షావుకారు: రాసినవాడు చదవడేంటండీ!

మేష్టారు: ఫలానా పార్టీ ఇంత ఇవ్వాలి అని రాస్తాడు. ఆ పార్టీకి అప్పు పెట్టి మీరు బాగుపడుతున్నారో, ఆయన్ని బాగుచేస్తున్నారో ఆ పుస్తకంలోనే ఉంటుంది. అది రాసేవాడికి కనపడదు, చదివేవాడికి కనపడుతుంది. ఫైనాన్సు అంటే ఆ చదవడమే.

షావుకారు: మీ బీకాం చదువుల సంగతి నాకు చెప్పకండి. మా ఎదురింటి కుర్రాడు బీకాం సీఏ అన్నాడు. ఆహా, ఆడిటరు గుమ్మంలోనే దొరికాడని జీఎస్టీ కాగితాలు చేతిలో పెట్టేను. వారం పోయాక తెల్లమొహం వేసుకుని వచ్చేడు. సీఏ అంటే కంప్యూటర్ అప్లికేషన్సంటండీ!

ఇక్కడ మేష్టారు నవ్వలేదు. నేను నవ్వాను. బ్రాకెట్లో ఉండే ఆ రెండక్షరాలు ఎన్ని పెళ్లిచూపుల్లో గౌరవం తెచ్చిపెట్టాయో ఎవరు లెక్కపెట్టారు?

మేష్టారు: తప్పు ఆ కుర్రాడిది కాదు. మా బోటివాళ్లం నోట్సు చెప్పాం, వాడు రాసుకున్నాడు, పరీక్షలో దించాడు. మూడేళ్లలో ఒక్క కంపెనీ బ్యాలెన్సు షీటు కూడా వాడి చేత విప్పించలేదు. అది నా తరం చేసిన పాపం, ఒప్పుకుంటాను. అందుకే ఈ పిల్లకి డిగ్రీ ఒక్కటే చాలని చెప్పడం లేదు. ఇంటర్ అయింది కాబట్టి సీఏ ఫౌండేషన్ నాలుగు పేపర్లు రాయొచ్చు. తర్వాత ఇంటర్మీడియెట్ ఆరు పేపర్లు. ఆపైన రెండేళ్లు ఆడిటర్ దగ్గర ఆర్టికల్‌షిప్. 2023కి ముందు అది మూడేళ్లు. చివర్న ఫైనల్ ఆరు పేపర్లు. అక్కడ రెండు గ్రూపులూ ఒక్కసారే రాసి గట్టెక్కేది చాలాసార్లు నూటికి ఇరవై మంది లోపే.

షావుకారు: అదే నేననేది! మిగతా ఎనభై మంది గోదాట్లో దూకాలా?

మేష్టారు: మళ్లీ రాస్తారు. కొందరు మధ్యలో ఆగిపోతారు. ఆగినవాళ్లకి కూడా రెండేళ్లు ఆడిటర్ వెనకాల తిరిగిన అనుభవం మిగులుతుంది. రైసుమిల్లులో బస్తాలు లెక్కపెట్టి, రొయ్యల ఫ్యాక్టరీలో చలికి వణుకుతూ సరుకు సరిచూసి, పన్ను నోటీసుకి జవాబు రాసిన పిల్లకి ఉద్యోగం దొరక్కపోదు. మీరు చెప్పే బ్యాంకు పరీక్షలో అడిగేది లెక్కలూ రీజనింగూ ఇంగ్లీషే ఎక్కువ. అందులో నెగ్గినవాడు మేనేజరుగా మీ దగ్గరికే వచ్చాడు, గుర్తుందా?

గుర్తుంది. ఆ కథ షావుకారు గారే ఎన్నోసార్లు చెప్పారు. ఒక బ్యాంకు మేనేజరు, ఉత్తరాది అబ్బాయి, అటక మీద ఉన్న కాయకి బిల్లులు చూపించమన్నాడు. రైతు దగ్గర దింపు తీసినప్పుడు కొన్న కాయకి బిల్లెవడిస్తాడు? అప్పు రాలేదు.

షావుకారు: వాడికి కురిడీ అంటే ఏంటో తెలీదండీ.

మేష్టారు: తెలిసిన పిల్ల ఆ కుర్చీలో కూర్చుంటే?

షావుకారు గారు కాసేపు పళ్లు కుట్టుకున్నారు. ఆయనకి మాట తోచనప్పుడు జేబులోంచి పుల్ల తీస్తారు.

షావుకారు: సరే, ప్యాసైందనుకుందాం. తర్వాత ఏం చేస్తుంది?

మేష్టారు: నానక్‌రామ్‌గూడ పోతే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అని పెద్ద ఊరే ఉంది. అమెరికా బ్యాంకుల ఆఫీసులున్నాయి. గోల్డ్‌మన్ శాక్స్ వాళ్లు 2021లో హైదరాబాదులో తెరిచారు. మన స్టాక్ మార్కెట్లో 2023 జనవరి నుంచి అమ్మినవాడికి మర్నాడు డబ్బు చేతికొచ్చేస్తోంది. అమెరికా కూడా 2024 మే నుంచి ఆ పద్ధతికే వచ్చింది. అంతంత లావాదేవీలు ఒక్క రోజులో ఇటూ అటూ సరిపోవాలంటే చూసేవాళ్లు కావాలి కదా. బీకాం పిల్లల్ని తీసుకునేది ఎక్కువగా అందుకే.

షావుకారు: మర్నాడే డబ్బా! మాకు అహ్మదాబాదు నుంచి నలభై రోజులకొస్తే దండం పెడతాం. అయితే మేష్టారూ, రాత్రంతా మేలుకుని ఒకడి చిట్టాకీ ఇంకొకడి ఆవర్జాకీ టిక్కులు పెట్టడమేగా ఆ ఉద్యోగం? మా గుమాస్తా పనే! ఏసీలో కూర్చుంటారు, అంతే తేడా.

మేష్టారు: చాలావరకు అదే. అక్కడే ఆగిపోతే గుమాస్తా పనే, ఒప్పుకున్నాను. టిక్కు పెట్టే పని రేపో మాపో యంత్రమే చేసేస్తుంది. తేడా ఎందుకొచ్చిందని అడిగేవాళ్లకే అక్కడ నిలవ నీడ.

షావుకారు: ఆడపిల్ల, రాత్రి డ్యూటీలు...

మేష్టారు: రాజోలు వైపు నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైటు పోయి, పరాయి ఇళ్లల్లో పనిచేసి ఇక్కడ ఇళ్లు కట్టలేదు? అప్పుడెవరూ డ్యూటీ వేళలు అడగలేదు.

షావుకారు: అది వేరండీ. అది కడుపు కోసం.

మేష్టారు జవాబు చెప్పలేదు. ఈ మాట దగ్గర ఇద్దరూ తలో పక్కకీ చూశారు. కోనసీమలో ఈ మాటకి జవాబు లేని వీధి ఉండదు. ఉన్నా ఎవరూ పైకి చెప్పరు.

కాసేపటికి షావుకారు గారి గొంతు మారింది. అసలు గాయం అప్పుడు బయటపడింది. పెద్ద మనవడు ఇంజినీరింగ్ చదువుతూ ఫోన్లో స్టాక్ మార్కెట్ ఆప్షన్లు ఆడాడు. మొదటి నెల తాతకి చొక్కా కొన్నాడు. ఆరో నెల తల్లి గాజులు తాకట్టులో ఉన్నాయి.

షావుకారు: ఇదేగా మీ ఫైనాన్సు! మా ఊళ్లో సంక్రాంతికి కోడిపందెం ఆడితే పోలీసులొస్తారు. అక్కడ కోడన్నా కంటికి కనపడుతుంది. ఈ ఫోను పందానికి కోడేది, బరేది?

మేష్టారు: మీ కోపం న్యాయమే. 2024 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్‌ని కాపలాకాసే సెబీవాళ్లే ఒక లెక్క బయటపెట్టారు. మూడేళ్లలో ఆప్షన్లూ ఫ్యూచర్లూ ఆడిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది పోగొట్టుకున్నారు. అంతా కలిపి 1.8 లక్షల కోట్లు పైనే. కానీ ఆ అబ్బాయి ఫైనాన్సు చదవలేదు షావుకారు గారూ. చదివి ఉంటే మొదటి నెలే అడిగేవాడు, నాకు ఎదురుగా కూర్చుని అమ్ముతున్నది ఎవడు అని. ఎదురుగా ఉన్నది పెద్ద పెద్ద కంప్యూటర్లు పెట్టుకున్న సంస్థ. వాడి చేతిలో ఉన్నది బస్టాండులో చార్జింగ్ పెట్టుకున్న ఫోను.

షావుకారు: చదివినవాళ్లు పోగొట్టుకోలేదా? సత్యం కంపెనీ మాటేంటి? 2009 జనవరి 7న రామలింగరాజు గారు ఉత్తరం రాసేరు, బ్యాంకులో ఉందన్న డబ్బులో 5,040 కోట్లు లేనేలేదని. ఆయన చదివిందీ బీకామే! ఆ లెక్కలు చూసిన ఆడిటర్లంతా మీ సీఏలే! ఏళ్లకేళ్లు సంతకాలు పెట్టేరు. నా కొట్లో గల్లాపెట్టెలో వెయ్యి తక్కువైతే సాయంత్రానికి నాకు తెలుస్తుంది. అన్ని కోట్లు లేవని వాళ్లకి తెలీలేదా? కాగితం చూసి నమ్మేరండీ. నేను మనిషి మొహం చూసి నమ్ముతాను.

ఇది బలమైన దెబ్బ. నేను మేష్టారి వైపు చూశాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని నెమ్మదిగా మొదలుపెట్టారు.

మేష్టారు: ఆ ఆడిటర్లు చెయ్యాల్సింది చాలా చిన్న పని. కంపెనీ ఇచ్చిన డిపాజిట్ కాగితాలు పక్కన పెట్టి, బ్యాంకుకి తామే ఉత్తరం రాసి, జవాబు తమ చేతికే నేరుగా వచ్చేలా చూసుకోవాలి. కాగితాన్ని నమ్మొద్దు, దాని పుట్టుక చూడు అని ఆడిటింగ్ పుస్తకంలోనే ఉంటుంది. వాళ్లు ఆ పని సరిగా చెయ్యలేదు. అది చదువు తప్పా, చదివింది చెయ్యకపోవడం తప్పా? ఇక మొహం సంగతి. అగ్రిగోల్డు గుర్తుందా? దాదాపు 32 లక్షల మంది డిపాజిట్లు, 6,380 కోట్లు ఇరుక్కుపోయాయి. అక్కడ ఎవరైనా కాగితం చూసి కట్టారా? ఏజెంట్లెవరు? పక్కింటివాళ్లు, మేనల్లుళ్లు, పెళ్లిలో పక్క విస్తరిలో తిన్నవాళ్లు. మొహం చూసే కదండీ కట్టింది అందరూ!

షావుకారు గారి పుల్ల మళ్లీ బయటికొచ్చింది.

షావుకారు: మరయితే రెండూ నమ్మకూడదంటారా?

మేష్టారు: అడగాలంటాను. నెలకి రెండు రూపాయల వడ్డీ ఇస్తానన్నవాడు ఆ డబ్బు ఎక్కడ పెట్టి సంపాదిస్తాడని అడగాలి. ఏడాదికి నూటికి ఇరవై నాలుగు! వాడు అంతకు మించి సంపాదిస్తేనే మనకి ఇవ్వగలడు. ఏ వ్యాపారంలో వస్తుందది? ఈ ఒక్క ప్రశ్న ఊరికొకరు అడిగి ఉంటే చాలు. మన పిల్లలకి పైథాగరస్ సిద్ధాంతం వచ్చు, ఇది రాదు.

షావుకారు: మా నాన్నకి కాలేజీ లేకపోయినా ఇది తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా చెట్లు పోయినాయి, అటక పోయింది, సరుకు పోయింది. పొద్దున్న చూస్తే తోట చాపలా పరుచుకుంది. ఇన్సూరెన్సు లేదు. బ్యాంకువాడు రాలేదు. ఫోన్లు బాగయ్యాక ఉత్తరాది షావుకారు ఒకాయన ఫోన్ చేసి, డబ్బు పంపుతున్నాను, మళ్లీ సరుకున్ననాడు తీర్చు అన్నాడు. ఆయన మొహం నేను ఒక్కసారీ చూడలేదండీ. గొంతే తెలుసు. దానికేమంటారు?

మేష్టారు: క్రెడిట్ రేటింగ్ అంటాను. ఆయన మీ గొంతుకి ఇవ్వలేదు. ఇరవై ఏళ్లుగా మీ నాన్నగారు ఏనాడూ తరుగు సరుకు పంపలేదని ఆయన ఆవర్జాలో ఉంది. ఆయన తన పుస్తకం చదువుకున్నాడు.

ఈ దెబ్బ తగిలింది. అయినా షావుకారు గారు అంత తేలిగ్గా పడే మనిషి కాదు. ఆయన దగ్గర ఇంకో అస్త్రముంది. బందరు డాక్టరు గారి అస్త్రం.

షావుకారు: 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టిన పట్టాభి సీతారామయ్య గారు ఏం చదివేరు? డాక్టరీ! మన ఏలూరులో పుట్టి రిజర్వు బ్యాంకు గవర్నరైన దువ్వూరి సుబ్బారావు గారు ఐఐటీలో ఫిజిక్సు. మీ బీకాం ఎక్కడండీ?

మేష్టారు: సుబ్బారావు గారు ఐఏఎస్‌లో చేరాక కూడా చదువు ఆపలేదు. అమెరికా వెళ్లి ఎకనామిక్స్ చదివి, ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. పట్టాభి గారు డాక్టరీతో ఆగకుండా సహకార బ్యాంకులూ ఇన్సూరెన్సూ వాటి మీద కూడా పడ్డారు. చదువు తరగతి గదిలోనే జరగాలని నేనన్నానా? కానీ వాళ్లలా ముప్పైలో మొదలుపెట్టి నేర్చుకోగలిగినవాళ్లు తాలూకాకి ఒకరు. పద్దెనిమిదిలో మొదలెడితే మామూలు బుర్రకి కూడా అబ్బుతుంది.

షావుకారు: అయితే మా అమ్మడిది మామూలు బుర్ర అంటారు!

లోపలి నుంచి మనవరాలు వచ్చింది. టీ గ్లాసులతో వస్తుందనుకున్నాను. ఆవర్జా పట్టుకుని వచ్చింది.

ఆ పిల్ల ఈ ఏడాది వేసవిలో ఏం చేసిందో ముందు చెప్పాలి. కాకినాడ ఎపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ. మేష్టారు దాని వార్షిక నివేదిక తెప్పించి చదవమన్నారు. అల్లవరం, కాట్రేనికోన చెరువుల్లో రొయ్య ఎలా పెరుగుతుందో తెలిసిన పిల్లకి ఆ ఇంగ్లీషు బెదురు పుట్టించలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం యాభై శాతానికి పెంచినప్పుడు చెరువు గట్టు మీద రొయ్య కౌంటు ధర ఎందుకు పడిందో, కంపెనీ అమ్మకాల్లో అమెరికా వాటా ఎంతో పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఫైనాన్సుకి సిద్ధం కావడం ఎలాగని అడిగే పిల్లలకి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి దారి లేదు. నీకు వాసన తెలిసిన సరుకుతో మొదలుపెట్టు. ఎక్సెల్ నేర్చుకో, సెబీవాళ్ల నిస్మ్ సర్టిఫికెట్ పరీక్ష రాయి, అన్నీ మంచివే. సీఎఫ్ఏ కూడా ఉంది, డిగ్రీ చదువుతూనే మొదటి లెవెలు రాయొచ్చు, కానీ ఫీజు డాలర్లలో. వాటికి తొందర లేదు.

షావుకారు: నా పుస్తకం ముట్టుకున్నావా!

మనవరాలు: గుమాస్తా తాతే ఇచ్చారు. సార్, మీకు కురిడీ లెక్క చూపిస్తాను. అసలు అంకెలు తాతయ్య బయటికి చెప్పనివ్వరు కాబట్టి సుళువుగా వెయ్యి కాయ పదిహేను వేలనుకుందాం. కాయ పదిహేను రూపాయలు. అటకెక్కించాక లోపల నీరింకి కురిడీ కావడానికి ఎనిమిది నుంచి పన్నెండు నెలలు. పది వేసుకుందాం. తాతయ్య బయట అప్పిచ్చేది రూపాయిన్నర వడ్డీకి. అంటే పది నెలలకి 2,250. నూరు కాయ కుళ్లిపోయిందనుకుందాం. మిగిలిన తొమ్మిది వందల కాయ మీద 17,250 రావాలి. కాయకి 19 రూపాయల 17 పైసలు. తాతయ్య పద్దెనిమిదికి అమ్మి, కాయకి మూడు రూపాయలు మిగిలిందంటారు.

షావుకారు: మిగల్లేదూ?

మనవరాలు: రూపాయి పదిహేడు పైసలు పోయింది తాతయ్యా.

షావుకారు: అప్పు తెచ్చి కొన్నానా నేను? నా డబ్బు అది! సొంత డబ్బుకి వడ్డీ ఏంటండీ మేష్టారూ? నాకు నేనే వడ్డీ కట్టుకోవాలా?

మేష్టారు మాట్లాడబోతే ఆ పిల్ల చెయ్యెత్తి ఆపింది. చిన్నపిల్ల పెద్దాయన్ని అలా ఆపడం మా వైపు మర్యాద కాదు. కానీ ఆయన ముచ్చటపడి ఆగారు.

మనవరాలు: ఆ పదిహేను వేలు అటక మీద పెట్టకపోతే బయట రూపాయిన్నరకి తిరిగేది కదా తాతయ్యా. అది వదులుకున్నావు. వదులుకున్నది ఖర్చు కాదా?

షావుకారు గారు చాలాసేపు మాట్లాడలేదు. అన్నిటికీ పుల్ల తీసే మనిషి ఈసారి తియ్యలేదు.

షావుకారు: బయటికిస్తే తిరిగొస్తుందని ఎవడు చెప్పేడు నీకు? రూపాయిన్నరకి తీసుకున్నవాళ్లలో ఎంతమంది ఎగ్గొట్టేరో ఆ పుస్తకం చివరి పేజీలో ఉంది, చూడు. ప్రోనోటు మూడేళ్లు దాటిపోయి కోర్టుక్కూడా పనికిరానివి ఉన్నాయి. అటక మీద కాయ పారిపోదమ్మడూ. అది నీ లెక్కలో ఉందా?

మనవరాలు: లేదు.

షావుకారు: ఇంకోటి. ఈ ఏడు నష్టమని నేను కురిడీ కట్టకపోతే ఉత్తరాది షావుకారు తిప్తూరు పోతాడు. కర్ణాటక వాళ్లు మనకంటే గట్టివాళ్లు. వెళ్లినవాడు మళ్లీ రాడు. మా నాన్న ఇరవై ఏళ్లు కట్టుకున్న పేరు, తుపాను నాడు ఫోన్ చేయించిన పేరు, దాన్ని ఏ గడిలో వేసేవు?

ఆ పిల్ల మేష్టారి వైపు చూసింది.

మేష్టారు: గుడ్‌విల్ అంటాం.

షావుకారు: పేరుంటే సరిపోయిందా? ఎంత వేస్తారు?

మేష్టారు: కొట్టు అమ్మేసిననాడు తెలుస్తుంది.

షావుకారు: అమ్మను.

మేష్టారు: అయితే తెలీదు.

ముప్పై ఏళ్ల కామర్సు పాఠంలో ఆయన ఇంత పొట్టి జవాబు ఎప్పుడైనా చెప్పి ఉంటారా అని నాకు అనుమానం. షావుకారు గారు గెలిచిన మొహం పెట్టలేదు. పుస్తకం తన వైపు తిప్పుకుని, ఆ పిల్ల పెన్సిలుతో వేసిన అంకెలు వేలితో ఒక్కొక్కటీ తడుముకుంటూ వచ్చి, పంతొమ్మిది దగ్గర ఆగారు.

షావుకారు: దీంట్లో ఒలుపు కూలి కలిపేవా?

మనవరాలు: కలపలేదు తాతయ్యా.

షావుకారు: చిప్ప కొట్టిన కూలి?

మనవరాలు: లేదు.

షావుకారు: గోనెసంచులు?

పెన్సిలు మళ్లీ చేతిలోకి వచ్చింది. రావులపాలెం బస్సు వేళయిందని నేను లేచాను. సీఏ సంగతి ఏమైందని అడగబోయి ఊరుకున్నాను, ఎవరూ తలెత్తేలా లేరు. అప్పటికి కాయ ఖరీదు ఇరవై ఒకటి దాటింది. లారీ కిరాయి ఇంకా కలపలేదు.